సైనికుని సొంత వాహనం

పాఠ్యభాగ పరిచయం

ఇంటర్మీడియట్ పూర్తి కాగానే సైన్యంలో చేరాలని ఆశించే యువకులు తెలుగునాట ఎందరో ఉన్నారు. ఉద్యోగం వచ్చిన వెంటనే మోటారు సైకిలు కొనాలన్న కోరిక వారిలో చాలామందికి సహజం. సైనిక జీవితంలో ఏ దశలో ఏ వాహనం అవసరమో, తొందరపడి కొంటే కలిగే నష్టమేమిటో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం సమీపాన మాధవరం అనే గ్రామం ఉంది. తరతరాలుగా అక్కడి కుటుంబాలు తమ బిడ్డలను సైన్యానికి పంపుతున్నందువల్ల దానికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు స్థిరపడింది. పూర్వం అటువంటి ఊళ్ళ నుంచి సైన్యానికి బయలుదేరే యువకుని వెంట నల్లని ట్రంకుపెట్టె, పరుపుచుట్ట ఉండేవి. అతణ్ణి మోసుకుపోయేది రైలుబండి. నేటి యువకుని ఊహలో వాటి సరసన మోటారు సైకిలు కూడా చేరింది. ఎంపిక పత్రం చేతికి అందకముందే అతడు బండి రంగు నిర్ణయించుకొంటాడు. దేశసేవకు వెళుతున్న బిడ్డ కోరిన కోరికను కాదనడానికి తల్లిదండ్రులకు మనసొప్పదు. చేతిలో సొమ్ము లేకపోతే అప్పు చేసి అయినా తీర్చాలనుకొంటారు.

ఆ కోరిక పుట్టడంలో వింత లేదు. సైన్యానికీ మోటారు సైకిలుకూ గల అనుబంధం పాతది. స్వాతంత్ర్యానంతరం సరిహద్దుల గస్తీకి దృఢమైన బండ్లు కావలసి వచ్చినప్పుడు భారత ప్రభుత్వం బ్రిటనులో తయారయ్యే బుల్లెట్‌ను ఎంచుకొన్నది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, ఆ బండ్లను ఇక్కడే బిగించడం మొదలైంది. గణతంత్ర దినోత్సవ కవాతులో మోటారు సైకిళ్ళపై సైనికులు చేసే విన్యాసాలను దేశమంతా కన్నార్పకుండా చూస్తుంది. అయితే ఆ బండ్లు ప్రభుత్వానివి. వాటి పనిని, దారిని నిర్ణయించేది సైన్యం. సైనికుడు తన సొమ్ముతో కొనే బండి విషయం వేరు. దానిని కొనేముందు అది ఎక్కడ ఉంటుంది, ఎవరికి ఉపయోగపడుతుంది, ఎన్ని రోజులు కదులుతుంది అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

సైన్యం యువకుని నుంచి మొదట కోరేది అతని కాళ్ళనే. నియామక ర్యాలీలో అభ్యర్థి 1.6 కిలోమీటర్ల దూరం పరుగెత్తి తన సత్తా చూపాలి. ఎంపికైన పిమ్మట అతడు హైదరాబాదులోని ఆర్టిలరీ కేంద్రానికో, సికింద్రాబాదులోని ఇ.ఎం.ఇ. కేంద్రానికో, నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాసు రెజిమెంటు కేంద్రానికో శిక్షణకు వెళతాడు. తెల్లవారకముందే మొదలయ్యే పరుగు, కవాతు, బరువు మోస్తూ చేసే దూరప్రయాణం అక్కడి దినచర్య. రిక్రూటుకు సొంత వాహనంతో పని ఉండదు. దానిని వెంట తెచ్చుకోవడానికి అనుమతీ లభించదు.

అధికారులు కాగోరే వారికీ ఇదే క్రమం. పూణే సమీపాన ఖడక్‌వాస్లాలో ఉన్న జాతీయ రక్షణ అకాడమీలో ఇంటర్మీడియట్ పూర్తిచేసిన విద్యార్థులు మూడేళ్ళు శిక్షణ పొందుతారు. అక్కడ కేడెట్ల వాహనం సైకిలు. తమ స్క్వాడ్రన్ల నుంచి తరగతులకు, క్రీడామైదానాలకు వారు వరుసలు తీరి సైకిళ్ళపైనే వెళతారు. సంపన్నుని కుమారుడైనా, రైతు బిడ్డ అయినా తొక్కేది ఒకే రకం సైకిలు. 2022లో తొలిసారిగా ప్రవేశించిన మహిళా కేడెట్లకూ అదే వర్తించింది. రేపు అత్యున్నత పదవులను అధిష్ఠించబోయే వారు కూడా ముందుగా నేర్చుకొనేది తమ సైకిలుకు తామే గాలి కొట్టుకొని, వేళకు గమ్యం చేరడం.

ఇక ఖర్చు లెక్క చూడాలి. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం అగ్నివీరుని సేవాకాలం నాలుగేళ్ళు. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయల వేతనంలో 9,000 రూపాయలు సేవానిధికి జమ కాగా, చేతికి అందేది 21,000 రూపాయలు. ఏడాదికి లభించే సెలవు 30 రోజులు. అంటే నాలుగేళ్ళలో అతడు ఇంటివద్ద గడిపేది సుమారు 120 రోజులు. చేరే రోజున లక్షా ఇరవై వేల రూపాయలతో బండి కొని ఇంటివద్ద ఉంచితే, దానిని నడిపే ప్రతి రోజుకూ వెయ్యి రూపాయలు పడుతుంది. వడ్డీ, భీమా, పెట్రోలు ఇందులో చేరలేదు. మిగిలిన కాలమంతా ఆ బండి వసారాలో దుమ్ము కొట్టుకొని ఉంటుంది, వాయిదా మాత్రం నెలనెలా తప్పదు. నాలుగేళ్ళ అనంతరం నలుగురిలో ఒకరి వరకే సైన్యంలో కొనసాగే అవకాశం ఉన్నందున, తక్కినవారికి కూడబెట్టిన ప్రతి రూపాయీ రేపటి చదువుకు, వృత్తికి పెట్టుబడి అవుతుంది.

శిక్షణ ముగిసినంత మాత్రాన వాహనం అవసరమవుతుందన్న నియమం లేదు. మంచుకొండలలోనో, సరిహద్దు చౌకీలోనో పనిచేసే సైనికుడు సొంత బండిని వెంట తీసుకుపోలేడు. నగర కంటోన్మెంటులో ఉన్నవారికి అది ఉపయోగపడవచ్చు. కాని కొన్నేళ్ళకొకసారి బదిలీ తప్పదు. అప్పుడు బండిలోని పెట్రోలు పూర్తిగా తీసివేసి, గోనెపట్టా చుట్టి, రైలు పార్సిలులో పంపుకోవాలి. మరో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అక్కడ తిరిగి రిజిస్ట్రేషను చేయించాలి. ఈ ఇబ్బందిని తగ్గించడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం బి.హెచ్. శ్రేణి రిజిస్ట్రేషనును ప్రవేశపెట్టి, రక్షణ సిబ్బందికి కూడా ఆ వీలు కల్పించింది. సైనికులకు క్యాంటీన్ స్టోర్స్ డిపార్ట్‌మెంటు ద్వారా నియమాలకు లోబడి తక్కువ ధరకు వాహనాలు లభిస్తాయి. చేరే రోజునే పూర్తి ధరకు కొనడం వలన ఈ సదుపాయాలేవీ అక్కరకు రావు.

ఇంటివద్ద నిజంగానే బండి అవసరం ఉంటే మాట వేరు. తండ్రి పాలకేంద్రానికి పాలు పోయాలి, చెల్లెలు కళాశాలకు వెళ్ళాలి, తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అప్పుడు సైనికుడు కొనవలసినది తనకు నచ్చిన బండిని కాదు, వారు నడపగలిగే బండిని. బరువులు మోసే మోపెడో, గేర్లు లేని స్కూటరో ఆ ఇంటికి తగినది. ఏడాదిలో పదకొండు నెలలు నడిపేవారి అవసరమే ఇక్కడ ప్రమాణం కావాలి.

ప్రాణభద్రత మరింత ముఖ్యం. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. శత్రువు గుండుకు వెరవని యువకుడు హెల్మెట్ లేకుండా సొంత ఊరి దారిలో నేలకొరిగితే ఆ దుఃఖానికి ఓదార్పు లేదు. సరిహద్దులో పాటించే జాగ్రత్త సెలవులోనూ వెంట ఉండాలి.

కాబట్టి మొదటి సెలవుకు ఇంటికి చేరే సైనికునికి రైలే తగిన వాహనం. పెద్ద స్టేషన్లలో సైనికుల ప్రయాణ ఏర్పాట్లను చూడటానికి ప్రత్యేక కార్యాలయాలు కూడా ఉన్నాయి. శిక్షణ పూర్తయి, మొదటి నియామక స్థలం తెలిసి, సొంత వేతనం నుంచి కొంత మిగిలిన నాడు వాహనం గురించి ఆలోచించవచ్చు. ఆనాడు కొన్న బండికి తండ్రి అప్పుపత్రంపై సంతకం చేయవలసిన పని ఉండదు.

కఠిన పదాలు – అర్థాలు

గస్తీ = కాపలా తిరుగుట
విన్యాసం = నేర్పుతో చేసే ప్రదర్శన
అధిష్ఠించు = పదవిని పొందు
వసారా = ఇంటి ముందు పంచ
చౌకీ = కాపలా స్థావరం
వెరచు = భయపడు

వ్యాకరణం

అత్యున్నత = అతి + ఉన్నత – యణాదేశ సంధి
స్వాతంత్ర్యానంతరం = స్వాతంత్ర్య + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

1. సైన్యంలో చేరే యువకుడు వాహనం కొనేముందు ఏయే అంశాలను ఆలోచించాలి? వివరించండి. (వ్యాసరూప ప్రశ్న)
2. జాతీయ రక్షణ అకాడమీలో సైకిలుకు గల ప్రాధాన్యమేమిటి? (సంగ్రహరూప ప్రశ్న)
3. బదిలీ అయిన సైనికునికి సొంత వాహనం వలన కలిగే ఇబ్బందులేవి? (సంగ్రహరూప ప్రశ్న)
4. మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు ఎందుకు వచ్చింది? (ఏకవాక్య సమాధాన ప్రశ్న)