కీర్తనల పుస్తకం చేతికందనంత దూరం జరిగితే

ఆదివారం ఆరాధనలో ఒకసారి చుట్టూ చూడండి. నలభై దాటినవారు కీర్తనల పుస్తకాన్ని చెయ్యి చాచి పట్టుకొని పాడుతుంటారు. కొందరు వెలుతురు కోసం కిటికీ పక్కన చోటు చూసుకుంటారు. నోటికి వచ్చిన కీర్తనే కదా అని పుస్తకం తెరవనివారూ ఉన్నారు. "ఈ కొత్త ముద్రణలో అక్షరాలు మరీ చిన్నవి చేశారండి" అని మా ఓపీలో చెప్పుకునేవారికి కొదవ లేదు. అక్షరాలు చిన్నవి కాలేదు, చత్వారం వచ్చింది.

చత్వారం అనే పేరులోనే లెక్క ఉంది. నలభై అనే అర్థమిచ్చే సంస్కృత పదం నుండి ఆ మాట వచ్చింది. మన కంటిలోపల ఒక కటకం ఉంటుంది. చిన్నతనంలో అది మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి, చూపును సరిచేస్తుంది. ఏటేటా అది గట్టిపడుతుంది. నలభై ప్రాంతానికి సూదిలో దారం ఎక్కించడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, మాత్రల అట్ట మీద తేదీ చదవడం కష్టమవుతాయి. ఇది జబ్బు కాదు, ఇంచుమించు అందరికీ వచ్చేదే.

అద్దాలు పెట్టుకుంటే కళ్ళు వాటికి అలవాటుపడి ఇంకా పాడవుతాయని చాలామంది వెనుకాడతారు. అది నిజం కాదు. మొదట +1 దగ్గర మొదలైన పవరు అరవై వచ్చేసరికి +2.5 దాకా పెరగవచ్చు. పెరిగేది కటకం గట్టిపడడం వల్ల, అద్దాల వల్ల కాదు. అద్దాలు మానేసినా అది ఆగదు. సిగ్గుపడి వాక్యం చదవడం మానుకున్న అక్కలను చూసినప్పుడు మాకు బాధ కలుగుతుంది.

అయితే మేము ఇంతకంటే ఎక్కువగా బాధపడే సంగతి వేరొకటి ఉంది. ఒక సంఘ పెద్ద చాలా ఏళ్ళు సంతలో అద్దాలు కొనుక్కున్నారు. అవి చాలనప్పుడల్లా ఇంకో జత మార్చుకున్నారు. "వయసు కదండీ" అనేవారు. మా దగ్గరకు వచ్చేసరికి ఒక కంటిలో పక్కచూపు చాలావరకు పోయింది. అవి నీటికాసులు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. కంటిలోని ఒత్తిడి చూపునరాన్ని మెల్లగా తినేస్తుంది. పోయిన చూపును ఏ వైద్యుడూ తిరిగి తేలేడు. చుక్కల మందుతో మిగిలినదాన్ని కాపాడుతున్నాము. సంత అద్దాలు కంటికి హాని చేయవు, కాని అమ్మేవాడు ఒత్తిడి కొలవడు. అమ్మానాన్నలకుగాని, తోబుట్టువులకుగాని నీటికాసులు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ పెద్దగారి తమ్ముడిని కూడా పిలిపించి చూశాము.

ఆదికాండము 27వ అధ్యాయంలో ఇస్సాకు ఎదుట నిలిచిన కుమారుని చూపుతో గుర్తుపట్టలేక తడిమి చూశాడు. చత్వారంలో అలా జరగదు. మనిషి ముఖమే మసకైతే అద్దాల దుకాణానికి కాదు, ఆసుపత్రికి రావాలి.

వయసు మీదికి నెట్టివేసే సంగతులు ఇంకా ఉన్నాయి. మోకాళ్ళ ప్రార్థన తరువాత బల్ల పట్టుకొని లేవడం మాకూ ఉన్నదే, దానికి కంగారుపడనక్కరలేదు. కాని రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం, కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, అద్దాల పవరు వారాల్లోనే మారినట్టు అనిపించడం జరిగితే షుగరు చూపించుకోండి. పరగడుపున 126 గాని అంతకు మించి గాని ఉంటే మళ్ళీ పరీక్షించి మధుమేహమని నిర్ధారిస్తారు. 100 నుండి 125 మధ్య ఉన్నవారికి తిండి, నడక సరిచేసుకునే వ్యవధి ఇంకా ఉంది. బహిష్టు ఆగి ఏడాది దాటిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే, ఒక్క చుక్కయినా సరే, అక్కలారా, ఆలస్యం చేయకుండా రండి. దాన్ని వయసు అని సరిపెట్టుకోవద్దు.

నలభై నిండినవారు అద్దాల అవసరం ఉన్నా లేకున్నా ఒకసారి కంటి ఒత్తిడి, నరం చూపించుకోవాలి. వచ్చేటప్పుడు పాత కళ్ళజోడు, వాడుతున్న మాత్రలు వెంట తెచ్చుకోండి. కంటిపాప పెద్దదయ్యేందుకు చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది. కాబట్టి స్కూటరు మీద ఒంటరిగా రాకుండా ఇంట్లోవారిని ఒకరిని తోడు తెచ్చుకోండి. వారికీ నలభై దాటి ఉంటే ఇద్దరినీ కలిపే చూస్తాము.