వెండెల్ స్కాట్ గెలిచిన పందెము

అంగడిలో అమ్మకమునకు సిద్ధముగానుండు సరుకును ఆంగ్లమున 'స్టాకు' అందురు. సామాన్యులు కొనుక్కొను మోటారు కారునే కొంత దిటవుపరచి, గుండ్రని బాటపై పరుగెత్తించుటచే ఆ పందెములకు స్టాక్ కారు పందెములని పేరు వచ్చినది. నేటి పందెపు కారులు అందుకొరకే ప్రత్యేకముగా నిర్మింపబడుచున్నవి గనుక పేరు మాత్రమే మిగిలినదనవలెను. ఈ పందెములకు పుట్టినిల్లు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ ప్రాంతము. వీటిని క్రమముగా నడపుటకు 1948లో నాస్కార్ అను సంస్థ ఏర్పడెను. తొలినాటి చోదకులలో కొందరు దొంగసారా రవాణాలో చేయి తిరిగినవారు. రాత్రివేళ వంకరదారులలో పోలీసులకు చిక్కకుండ కారు నడపుటను మించిన శిక్షణ వేరొకటి ఏమున్నది?

వెండెల్ స్కాట్ 1921 ఆగస్టు 29వ తేదీన వర్జీనియా రాష్ట్రమున డాన్విల్ పట్టణములో జన్మించెను. అతడు నల్లజాతివాడు. ఆ కాలమున ఆ రాష్ట్రములో తెల్లజాతి పిల్లలకొక బడి, నల్లజాతి పిల్లలకొక బడి. బస్సులలోను, భోజనశాలలలోను ఇదే భేదము. డాన్విల్‌లో నల్లవారికి దొరకు పని నూలుమిల్లులలో గాని, పొగాకు కర్మాగారములలో గాని కూలియే. ఒకరి అదుపులో అట్లు బ్రదుకరాదని స్కాట్ చిన్ననాడే నిశ్చయించుకొనెను. తండ్రి ధనికుల యిండ్లలో కారు నడపుచు, మరమ్మతులు చేయుచుండెడివాడు. ఇంజను విప్పి మరల కూర్చు విద్య కుమారునికి ఆయన వద్దనే అబ్బినది.

యౌవనమున స్కాట్ ట్యాక్సీ నడిపెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైన్యములో చేరి ఐరోపాలో పనిచేసెను. ఆ సైన్యములోను నల్లవారి దళములు వేరుగనే యుండెను. తిరిగి వచ్చి డాన్విల్‌లో మరమ్మతుల దుకాణము పెట్టెను. దాని రాబడి చాలక, రాత్రులందు దొంగసారా కూడ చేరవేయుచుండెను. ఇది మెచ్చదగిన పని కాదు. 1949లో పట్టుబడి న్యాయస్థానము నెదుట నిలువవలసి వచ్చెను. అయినను ఆ పాడుపనియే అతనిని పందెపు బాటకు చేర్చినది. 1952లో డాన్విల్‌లో పందెములు జరుపువారు, ఒక నల్లజాతి చోదకుని దింపినచో వింత చూచుటకు జనము విరివిగా వత్తురని తలచిరి. ఊరిలో వేగముగా కారు నడపువాడెవడని పోలీసులనే అడిగిరి. పోలీసులు తాము వెంబడించియు పట్టలేకపోయిన స్కాట్ పేరు చెప్పిరి!

అప్పటికి అతనికి 30 ఏండ్లు. మొదటి పందెమున కారు చెడిపోయెను. ప్రేక్షకులలో కొందరు ఎగతాళి చేసిరి. అయినను పందెముల రుచి అతనిని వదలలేదు. నాస్కార్ వారు జరుపు పందెములకు కారు తీసికొనిపోగా, నల్లవానికి చోటు లేదని ఒకచోట కాదు, రెండుచోట్ల త్రిప్పి పంపిరి. అప్పుడతడు చిన్న ఊళ్లలోని చిన్న పందెములను ఆశ్రయించెను. కొన్నిచోట్ల తెల్లజాతి చోదకులు కావలయునని అతని కారును గ్రుద్దెడివారు. అతడు కలహమునకు దిగక మరునాడు ఆ సొట్టలు సరిచేసికొనెడివాడు. కొంతకాలమునకు రిచ్మండ్ పట్టణమున ఒక చిన్న అధికారి తన పూచీపై అతనికి నాస్కార్ లైసెన్సు నిచ్చెను. 1959లో స్కాట్ తన తరగతి పందెములలో వర్జీనియా రాష్ట్రమునకే ప్రథముడుగా నిలిచి, 1961లో దేశమందలి మేటి చోదకులు పాల్గొను గ్రాండ్ నేషనల్ పందెములలో అడుగిడెను.

పేరుమోసిన చోదకులకు కారులు తయారుచేయు కంపెనీలు ధనమును, యంత్రములను, పనివాండ్రను సమకూర్చుచుండెడివి. స్కాట్‌నకు అట్టి ప్రాపు లేదు. ఇతరులు వాడి విడిచిన కారులు కొని, పాత టైర్లు తొడిగి, 34వ నంబరు వ్రాసికొని పోటీకి వచ్చెడివాడు. పనివాండ్ర స్థానమున కుమారులు నిలిచెడివారు. మనిషి చాలనప్పుడు పందెము నడుమ తానే దిగి కారు చూచుకొని, మరల ఎక్కి నడిపెడివాడు.

1963 డిసెంబరు 1వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రములోని జాక్సన్‌విల్‌లో 100 మైళ్ల పందెము జరిగెను. అది అరమైలు చుట్టుగల మట్టిబాట. 200 చుట్లు తిరుగవలెను. ఇంక 25 చుట్లు ఉండగా స్కాట్ ప్రసిద్ధుడైన రిచర్డ్ పెటీని దాటి ముందునకు పోయెను. ఆ రోజులలో చుట్ల లెక్క చేతితో వ్రాసికొనెడివారు. స్కాట్ 200 చుట్లు ముగించినను విజయపతాకము ఊపలేదు. అతడు ఇంకను తిరిగెను. తుదకు, అతనికంటె రెండు చుట్లు వెనుకనున్న బక్ బేకర్ గెలిచెనని ప్రకటించి, బహుమతిపాత్రను అతని చేతికిచ్చిరి.

స్కాట్ లెక్క చూడుమని పట్టుపట్టెను. రెండు గంటలు గడచినవి. ప్రేక్షకులు ఇండ్లకు పోయిరి. అప్పుడు లెక్కలో పొరపాటు జరిగినదనియు, గెలిచినవాడు స్కాటే యనియు అధికారులు ఒప్పుకొనిరి. పందెపు ధనము చేతికి వచ్చినది గాని, పాత్ర మాత్రము రాలేదు. అది నిజముగా పొరపాటేనా? గెలిచినవానికి బహుమతి నందించుటకు తెల్లజాతి యువతి యొకతె వేదికపై సిద్ధముగానుండెను. ఆమె ప్రక్కన నల్లవాడు నిలుచుటను జనము సహింపరని అధికారులు జంకిరని స్కాట్ నమ్మకము. బహిరంగ స్థలములలో వర్ణభేదమును నిషేధించు చట్టము ఆ దేశమున 1964 జూలైలో గాని రాలేదు. ఇక ఆ స్థాయి పందెమున మరియొక నల్లజాతి చోదకుడు, బబ్బా వాలెస్, గెలుచుట 2021 అక్టోబరులో గాని జరుగలేదు.

స్కాట్ మరల ఒక్క పందెమును గెలువలేదు. అయినను పాత కారులతోనే 1966లో దేశమందలి చోదకులందరిలో ఆరవస్థానము పొందెను. 1973లో తాలడీగా పందెమున పలు కారులు ఒకదానినొకటి ఢీకొనగా, అతని ఎముకలు విరిగినవి. ఆ ఏడే మరియొకమారు బాటకెక్కి పందెములు చాలించెను. అప్పటికి అతడు పాల్గొన్న గ్రాండ్ నేషనల్ పందెములు 495. మొదటి పదిమందిలో నిలిచినవి 147. తరువాత డాన్విల్‌లో తన దుకాణములో కారులు బాగుచేయుచు కాలము గడిపి, 1990 డిసెంబరు 23న మరణించెను. 2015లో నాస్కార్ తన కీర్తిమందిరమున అతనికి స్థానమిచ్చెను. 2021 ఆగస్టులో డేటోనా పందెపు మైదానమున, జనసమూహము చూచుచుండగా, జాక్సన్‌విల్ విజయమునకు గుర్తుగా చేయించిన పాత్రను స్కాట్ కుటుంబమువారికి అందజేసిరి.