వైప్‌తో తుడిచాక ఏం మిగులుతుంది? ప్యాకెట్ వెనక వైపు చదువుదాం



నర్సరీ పిల్లల బ్యాగులో లంచ్ బాక్స్, వాటర్ బాటిల్ తర్వాత తప్పకుండా కనిపించేది వైప్స్ ప్యాకెట్. ఇంట్లో బుజ్జి తమ్ముడో చెల్లో ఉంటే ఆ వాడకం ఇంకా ఎక్కువ. "ఏ కంపెనీవి మంచివి టీచర్?" అని చాలామంది అడుగుతుంటారు. కంపెనీ పేరు ఒకటి తెలిస్తే ఆ ఒక్క ప్యాకెట్‌కే పనికొస్తుంది. లేబుల్ చదవడం వస్తే షాపులో ఉన్న అన్ని ప్యాకెట్లకూ పనికొస్తుంది. అందుకే ఈ నెల మన పాఠం లేబుల్ చదవడం. ఏ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నా రెండు ప్రశ్నలు వేసుకుందాం. తుడిచాక పాప ఒంటి మీద ఏం మిగులుతుంది? పారేశాక నేల మీద ఏం మిగులుతుంది?

వైప్ తుడుస్తుంది, రాస్తుంది కూడా

సబ్బుతో కడిగితే తర్వాత నీళ్లు పోసి సబ్బును వదిలిస్తాం. వైప్‌తో తుడిచాక ఎవరూ కడగరు. అందులోని తడి చర్మం మీదే ఆరిపోతుంది, ఆ తడిలో కలిసిన పదార్థాలు అక్కడే ఉండిపోతాయి. అంటే వైప్ వాడటం ఒక రకంగా లోషన్ రాయడం లాంటిదే.

పసిపిల్లల చర్మం పైపొర పెద్దవాళ్ల పొర కంటే పలుచన. చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణం ఉంటుంది. పీహెచ్ సుమారు 5.5 దగ్గర ఉంటే చర్మం తనను తాను బాగా కాపాడుకుంటుంది. డైపర్‌లో మూత్రం, మలం కలిసినప్పుడు అమోనియా తయారై ఈ పీహెచ్ పెరుగుతుంది. అప్పుడు మలంలోని ఎంజైములు చురుకై చర్మాన్ని దెబ్బతీస్తాయి. డైపర్ ర్యాష్‌కు ఇదొక ముఖ్య కారణం. అలా కందిన చర్మం మీద సెంటు కలిపిన వైప్‌తో రుద్దితే మంట పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇది చంటిపిల్లలకే పరిమితం కాదు. 2014లో అమెరికా పిల్లల వైద్య పత్రిక 'పీడియాట్రిక్స్'లో 6 మంది పిల్లల కేసులు వచ్చాయి. ముఖం మీద, చేతుల మీద, పిర్రల మీద తగ్గని దద్దుర్లు. మొదట వేరే చర్మవ్యాధులు అనుకుని మందులు వాడారు. అసలు కారణం వైప్స్‌లోని మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ పదార్థం పడకపోవడం. ఆ వైప్స్ మానేశాక దద్దుర్లు తగ్గాయి. ఒంటి మీదే ఉండిపోయే ఉత్పత్తుల్లో ఈ పదార్థం వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది. చాలా కంపెనీలు దీన్ని మానేశాయి. అయినా కొనేముందు ఒకసారి చూసుకోవడం మంచిది.

వెనక వైపు చూడాల్సిన పదాలు

లేబుల్‌లో ఎక్కువ పరిమాణంలో ఉన్న పదార్థం పేరు ముందు రాస్తారు. అందుకే వైప్స్‌లో మొదటి పదం ఆక్వా లేదా వాటర్. ఆ తర్వాత ఇవి చూడండి.

• ఫ్రాగ్రెన్స్, పర్‌ఫ్యూమ్: ఈ ఒక్క మాట వెనక ఎన్నో వాసన పదార్థాలు ఉండొచ్చు. సున్నితమైన చర్మానికి ఇవి లేనివే కొనండి. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్నది వెతకండి. 'అన్‌సెంటెడ్' అంటే వాసన తెలియదని మాత్రమే. వాసనను కప్పడానికి మరో సువాసన పదార్థం కలిపి ఉండొచ్చు.
• మిథైల్‌ఐసోథయాజోలినోన్, మిథైల్‌క్లోరోఐసోథయాజోలినోన్: ఈ రెండింటిలో ఏది కనిపించినా ప్యాకెట్ వెనక్కి పెట్టేయండి.
• డీఎండీఎం హైడాంటాయిన్: ఇది కొద్దికొద్దిగా ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేస్తుంది. ఇదీ వద్దు.
• సోడియం బెంజోయేట్, పొటాషియం సార్బేట్, ఫినాక్సీఇథనాల్: ఇవి నిల్వ పదార్థాలు. పరిమితిలో ఉంటే చాలామంది పిల్లలకు ఇబ్బంది ఉండదు.
• సిట్రిక్ యాసిడ్: యాసిడ్ అని కంగారుపడకండి. పీహెచ్‌ను చర్మానికి దగ్గరగా ఉంచడానికే దీన్ని కలుపుతారు.

నిల్వ పదార్థం అసలే లేకపోతే ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. కానీ తడి గుడ్డ ప్యాకెట్‌లో నెలల తరబడి ఉంటే బూజు, క్రిములు పెరుగుతాయి. అందుకే ఇంట్లో నీళ్లు, కొబ్బరినూనె కలిపి వైప్స్ తయారుచేసి డబ్బాలో రోజుల తరబడి దాచడం కూడా మంచిది కాదు. చూడాల్సింది నిల్వ పదార్థం ఉందా లేదా అని కాదు, ఏది వాడారన్నది.

ముందు వైపు మాటలకు అర్థం

ప్యాకెట్ ముందు వైపు ఉండేది ప్రకటన, వెనక వైపు ఉండేది సమాచారం. 'హైపోఅలర్జెనిక్' అంటే అలర్జీ రాదన్న హామీ కాదు. 'డెర్మటాలజికల్లీ టెస్టెడ్' అంటే పరీక్షించారని చెబుతుంది, ఫలితం ఏమొచ్చిందో చెప్పదు. '99 శాతం నీరు' నిజమే కావచ్చు, కానీ అలర్జీ తెప్పించే పదార్థం మిగిలిన ఆ ఒక్క శాతంలోనే ఉండొచ్చు.

'ఎకో ఫ్రెండ్లీ', 'గ్రీన్' లాంటి మాటలకు మన దేశంలో ఇప్పుడు నియమాలున్నాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం కంపెనీ ఆ మాట వాడితే అది ఏ విషయంలో నిజమో వివరించాలి, ఆధారం చూపించాలి. ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ తప్ప వివరం లేకపోతే ఆ మాటకు విలువ ఇవ్వకండి.

నేల మీద మిగిలేది

వైప్ చేతికి గుడ్డలా తగులుతుంది. కానీ చాలా వైప్స్‌లో పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ ఉంటుంది. ఈ రెండూ ప్లాస్టిక్కే. మట్టిలో కుళ్లిపోవు, చిన్న చిన్న పోగులుగా విడిపోతూ మిగిలిపోతాయి. 'నాన్ వోవెన్ ఫ్యాబ్రిక్' అన్న మాట నేసిన గుడ్డ కాదని మాత్రమే చెబుతుంది, దేనితో చేశారో చెప్పదు. '100 శాతం కాటన్' లేదా '100 శాతం విస్కోస్' అని స్పష్టంగా ఉంటే అది మొక్కల నుంచి వచ్చిన పోగు. 'బాంబూ' వైప్స్ కూడా చాలావరకు విస్కోస్సే. వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి ఆ పోగు తీస్తారు. ప్లాస్టిక్ కంటే మేలే, కానీ 'కెమికల్ ఫ్రీ' అనడం సరికాదు.

ఏ రకం వైప్ అయినా టాయిలెట్‌లో వేయకండి. అపార్ట్‌మెంట్ పైపులు, సెప్టిక్ ట్యాంకులు మూసుకుపోతాయి. వాడిన వైప్స్, డైపర్లు పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి, తడి చెత్తలో కలపకుండా చెత్త ఆటోకు విడిగా ఇవ్వండి. ఖాళీ స్థలంలో పడేసి కాల్చడం అసలే వద్దు.

ఇంట్లో గుడ్డ, బయట వైప్

చిన్న లెక్క చేద్దాం. రోజుకు 7 సార్లు డైపర్ మార్చి, ప్రతిసారీ 2 వైప్స్ వాడితే రోజుకు 14, నెలకు 420. అంటే 80 వైప్స్ ఉండే ప్యాకెట్లు ఐదు దాటుతాయి. ఇంట్లో ఉన్నంతసేపూ గుడ్డ వాడితే ఒక్క ప్యాకెట్ ప్రయాణాలకు చాలా రోజులు వస్తుంది. డబ్బు, చర్మం, నేల మూడూ బాగుంటాయి.

మన అమ్మమ్మలు, నానమ్మలు చేసింది ఇదే. మెత్తబడిన పాత నూలు చీర, పంచె చించి చతురస్రం ముక్కలు చేసుకోండి. ఓ పాతిక ముక్కలుంటే రోజు గడుస్తుంది. గోరువెచ్చని నీటిలో ముంచి, పిండి, అద్దినట్టు తుడవండి. వాడినవి తేలికపాటి సబ్బుతో ఉతికి, ఒకసారి ఎక్కువగా జాడించి, మంచి ఎండలో ఆరేయండి. సువాసన లిక్విడ్లు, యాంటీసెప్టిక్ లిక్విడ్లు కలపకండి. వాటి శేషం కూడా చర్మానికే తగులుతుంది.

అలాగని వైప్స్ వాడుతున్న తల్లులు తప్పు చేస్తున్నట్టు బాధపడక్కర్లేదు. 2012లో ఇంగ్లండ్‌లో 280 మంది నవజాత శిశువుల మీద జరిగిన అధ్యయనంలో, పరీక్షించిన ఒక బేబీ వైప్‌కూ దూది, నీళ్లకూ మధ్య చర్మంలో తేమ విషయంలో తేడా కనిపించలేదు. జాగ్రత్తగా తయారుచేసిన వైప్ ఫర్వాలేదు. ఉద్యోగానికి వెళ్లే అమ్మకు, బస్సు ప్రయాణంలో ఉన్న నాన్నకు అది అవసరం కూడా.

చర్మం కందినప్పుడు

వైప్స్ ఆపేసి నీళ్లు, మెత్తటి గుడ్డ మాత్రమే వాడండి. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి తుడవాలి. పూర్తిగా ఆరాక, కాసేపు గాలి తగలనిచ్చి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ లేదా పెట్రోలియం జెల్లీ రాసి డైపర్ వేయండి. పౌడర్ వద్దు, పసిపిల్లలు దాన్ని పీల్చే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, పొక్కులు, చీము, రక్తం, జ్వరం కనిపించినా, గజ్జల మడతల్లో ఎర్రగా చిన్న చిన్న మచ్చలు వచ్చినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు వాడుతున్న వైప్స్ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి. కారణం వెతకడానికి ఆ లేబుల్ డాక్టర్‌కు ఉపయోగపడుతుంది.

నర్సరీ పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. మూతి చుట్టూ తరచూ ఎర్రబడుతుంటే, తిన్న ప్రతిసారీ దేనితో తుడుస్తున్నారో గమనించండి. వైప్ ఎప్పుడూ చేతులు కడగడానికి బదులు కాదు. భోజనానికి ముందు, టాయిలెట్ తర్వాత సబ్బు, నీళ్లే కావాలి. మూతి తుడుచుకోవడానికి బ్యాగులో చిన్న నూలు కర్చీఫ్ పెట్టండి.

ఈ నెల ఇంటి పని

1. ఇంట్లో ఉన్న వైప్స్ ప్యాకెట్ వెనక వైపు మీ పెద్ద బాబు చేతో, పాప చేతో గట్టిగా చదివించండి. పైన చెప్పిన పదాలు ఉంటే పెన్సిల్‌తో గుండ్రం చుట్టమనండి. ఇంగ్లీషు రీడింగ్ ప్రాక్టీస్ కూడా అవుతుంది.
2. ఒక పూలకుండీలో వాడని వైప్ ముక్కనూ, అంతే సైజు నూలు గుడ్డ ముక్కనూ పక్కపక్కన పాతిపెట్టండి. మట్టి తడిగా ఉంచండి. రెండు నెలల తర్వాత తవ్వి, ఏది ఎంత మిగిలిందో నోట్‌బుక్‌లో బొమ్మ గీయించి క్లాసుకు పంపండి. అందరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.