గ్యాస్ నింపినా చల్లబడని కారు ఏసీ

ప్రశ్న: మాది రుషికొండ. కారు బీచ్ రోడ్డు పక్కన ఆరుబయటే పెడతాను. ఏసీ గాలి జోరుగానే వస్తోంది, చల్లదనమే లేదు. నెల కిందటే గ్యాస్ నింపించాను. ఎందుకిలా?

జవాబు: నెల రోజుల్లో గ్యాస్ దానంతటదే తరగదు. మళ్లీ తగ్గిందంటే లీకే. మీ ఊళ్లో మొదటి అనుమానం కండెన్సర్ మీదే. రేడియేటర్ ముందుండే ఈ అల్యూమినియం జాలీని ఉప్పుగాలి తినేస్తుంది. గ్రిల్‌లోంచి టార్చి వేసి చూడండి. తెల్లటి పొడి పక్కన నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము కనిపిస్తే లీకు దాదాపు అక్కడే. గ్యాస్‌తోపాటు తిరిగే నూనె అది. లీకు అరికట్టకుండా మళ్లీ నింపిస్తే డబ్బు దండగ. నూనె తగ్గి కంప్రెసర్‌కూ ముప్పే. కారు పరుగులో చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర వేడిగాలి వస్తే మాత్రం కండెన్సర్ ఫ్యాన్ చూపించండి. ఇకపై వారానికోసారి ఇంజిన్ చల్లారాక కండెన్సర్‌ను మంచినీళ్లతో మెల్లగా కడగండి.