పంతొమ్మిదో గేటు



అబ్బాయీ, ఇరిగేషన్‌లో చేరావు కదా. తుంగభద్ర డ్యాం గేటు సంగతి పేపర్లలో చదివే ఉంటావు, ఈసారి ఇంజనీరు కళ్లతో చదువు.

2024 ఆగస్టు 10 రాత్రి, హోస్పేట దగ్గర డ్యాం నిండుకుండలా ఉండగా 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. డ్యాం మీద ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లూ ఎత్తి, పంటలకు దాచిన నీళ్లనే నదిలోకి వదిలేయాల్సి వచ్చింది. గేట్ల పనిలో తలపండిన కన్నయ్యనాయుడిని పిలిపించారు. ఆయన సలహాతో స్టాప్‌లాగ్‌లు, అంటే అడ్డంగా పేర్చే ఉక్కు పలకలు, అప్పటికప్పుడు తయారు చేయించారు. ఉధృతంగా పారే నీటిలోకి క్రేన్లతో దించి, ఒకదానిపై ఒకటి కూర్చోబెట్టారు. వారం తిరిగేసరికి ప్రవాహం ఆగింది. జలాశయం ఖాళీ చేసే పని తప్పింది.

తాత్కాలికం అనగానే ముఖం చిట్లించేవాళ్లకి ఈ పని చూపించాలి.

అయితే స్టాప్‌లాగ్ గేటు కాదు. గేటు మూసుకుంటే చాలదు, వరదొస్తే తెరుచుకోవాలి కూడా. అర్ధరాత్రి పైనుంచి వరద తోసుకొస్తే మీట నొక్కగానే ఈ పలకలు లేవవు. కాబట్టి ఎంత వరద వదలగలమో లెక్కేసేటప్పుడు ఆ గేటు ఖానాను పక్కన పెట్టాల్సిందే. పైగా తెగింది ఒక్క గొలుసే. 1950ల నాటి ఆ డ్యాంకి గేట్లు మొత్తం 33. పక్కనున్న 32 గేట్ల మీద మాత్రం నమ్మకం ఎక్కడిది?

ఆ అనుమానం ఖరీదు మరుసటి ఏడాది తెలిసొచ్చింది. 105 టీఎంసీలు పట్టే జలాశయంలో 2025లో నిల్వను 80కి పరిమితం చేశారు. కర్ణాటకలో బళ్లారి, రాయచూరు, ఇటు ఎగువ కాలువ మీద అనంతపురం, దిగువ కాలువ మీద కర్నూలు ఆ నీటి మీదే ఆధారపడి ఉన్నాయి. మరమ్మతు అంచనాలో ఉక్కు, కూలి, క్రేన్ల బాడుగ రాస్తాం. నిలపలేకపోయిన నీటికి అందులో పద్దే ఉండదు! నా దృష్టిలో అదే పెద్ద ఖర్చు.

నీరు ఆగగానే హడావుడీ ఆగుతుంది, కొత్త గేటు ఫైలు నెమ్మదిస్తుంది. ఇది ఆ ఒక్క డ్యాం జబ్బు కాదు. అందుకే అతుకు వేసిన రోజే ఒక కాగితం రాయి: ఇది ఏం చేస్తుంది, ఏం చేయలేదు, ఏ తేదీలోగా తీసేయాలి, ఆ బాధ్యత ఎవరిది. గేటు మార్చాలంటే నీటిమట్టం దాని గడప కిందికి దిగాలి. అది సాధారణంగా ఎండాకాలం మాటే. ఆ నాలుగు నెలలూ జారిపోతే ఇంకో ఏడాది ఆగాలి. కొలతలు, టెండరు, ఉక్కు కొనుగోలు వానాకాలంలోనే కానిచ్చుకో.