పాత ట్రాక్టరు హెడ్డు: అరిగిన వాల్వు సీటును నూరి సరిపెట్టొద్దు

దమ్ము పనులు ముంచుకొచ్చే వేళ పాత ట్రాక్టరు పొద్దున్నే ఓ పట్టాన స్టార్టు కాదు. అయినా లోడు లాగదు. రింగులు పోయాయనుకుని పిస్టన్లు, స్లీవులు మార్పించే రైతులు చాలామంది. అంత ఖర్చు పెట్టినా ఒక్కోసారి బండి తీరు మారదు. లోపం హెడ్డులో, వాల్వు కూర్చునే సీటులో ఉండొచ్చు.

సీటు పని ఏమిటి?

వాల్వు మూసుకున్నప్పుడు దాని అంచు ఆనే రింగే సీటు. చాలా ఇంజన్లలో దీన్ని హెడ్డులోకి బిగువుగా దించి ఉంటారు. వాల్వుకు పట్టిన వేడి ఎక్కువ భాగం సీటు గుండానే హెడ్డులోకి, అక్కడి నుంచి రేడియేటర్ నీళ్లలోకి పోతుంది. సీటు సరిగా ఆనకపోతే వాల్వు అంచు మాడుతుంది. మండిన వాయువు పోయే ఎగ్జాస్ట్ వైపే ఈ బాధ ఎక్కువ.

ఎలా గుర్తించాలి?

స్టార్టరు తిప్పేటప్పుడు సైలెన్సరులో ఫుస్సుమని వినపడితే ఎగ్జాస్ట్ వాల్వును, ఏర్ క్లీనరు వైపు వినపడితే ఇన్‌లెట్ వాల్వును అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ తన్నుతుంటే రింగుల సంగతి చూడాలి. టాపెట్ గ్యాపు తరచూ తగ్గిపోతుంటే సీటు దిగిపోతున్నదేమో చూపించాలి.

నూరితే చాలదా?

చిన్న మచ్చలకు పేస్టుతో నూరితే చాలు. హెడ్డు విప్పినప్పుడల్లా నూరుతూ పోతే వాల్వు లోతుకు దిగి, కంప్రెషన్ తగ్గుతుంది. ఎంత లోతు వరకు ఫరవాలేదో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. అది దాటితే కొత్త సీటు వేయించాల్సిందే.

మార్పించే వరుస

1. హెడ్డు కడిగించి సీట్ల మధ్య పగుళ్లు చూడాలి. పగులుంటే కొత్త సీటు నిలవదు.

2. వాల్వు ఊగుతుంటే ముందు గైడు మార్చాలి. సీటు కోసే కట్టరు గైడును పట్టుకునే తిరుగుతుంది. గైడు వంకరయితే సీటూ వంకరే.

3. పాత సీటును ఉలితో కొట్టి తీయనివ్వొద్దు, గుంత దెబ్బతింటుంది. మిషను మీద కోసి తీయించాలి.

4. కొత్త సీటు గుంత కంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. గుంత వదులైతే ఓవర్‌సైజు సీటు వేయించాలి. అంచు చుట్టూ పంచితో కొట్టి బిగిస్తే, ఇంజను నడుస్తుండగా సీటు ఊడి పిస్టను పగలొచ్చు.

5. సీటును బాగా చల్లబరిచి, హెడ్డును వేడిచేసి, తిన్నగా అడుగంటా దించాలి.

6. తర్వాత కంపెనీ చెప్పిన కోణంలో సీటు కోయాలి. చాలా ఇంజన్లకు ఇది 45 డిగ్రీలు. తేలిగ్గా పేస్టు నూరితే వాల్వు చుట్టూ తెగని బూడిదరంగు గీత రావాలి. ఆ పైన పేస్టు మిగలకుండా కడగాలి.

దగ్గరుండి చూడాల్సింది

స్ప్రింగులు బిగించాక వాల్వు దారుల్లో కిరోసిన్ గానీ డీజిల్ గానీ పోయించి 5 నిమిషాలు ఆగాలి. కింద చెమ్మ కనపడితే హెడ్డు ఎక్కించనివ్వొద్దు.

గ్యాస్కెట్ కొత్తదే వేయాలి. బోల్టులు టార్క్ రెంచితో వరుస ప్రకారం బిగించాలి. టాపెట్లు ఫీలర్ గేజితో పెట్టించి, కొన్ని గంటలు నడిచాక మళ్లీ చూపించాలి. ఈ పని ఎండాకాలంలోనే ముగించుకుంటే తొలకరికి బండి చేతిలో ఉంటుంది.