అరుదైన మొక్కను బతికించే కొలువు

ఉదయగిరి, ఆత్మకూరు వైపు బైపీసీ పిల్లలను ఏం చదువుతారని అడిగితే ఎంబీబీఎస్, కాకుంటే నర్సింగో ఫార్మసీయో అంటారు. కళ్లెదుటి వెలిగొండల్లో మాత్రం ఎర్రచందనం ఉంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగని ఈ చెట్టును 1995లోనే అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల జాబితాలో చేర్చారు. ఇలాంటి జాతులను ల్యాబ్‌లో పెంచడం, గడ్డకట్టించి దాచడం కూడా ఒక వృత్తే. మన కాలేజీల్లో ఆ మాట గట్టిగా చెప్పాలి.

ఈ విద్యలో చాలా భాగం ఆర్కిడ్లు నేర్పిందే. ఆర్కిడ్ కాయలో దుమ్ములాంటి గింజలు వేలకు వేలుంటాయి. కానీ మొలకకు కావాల్సిన తిండి గింజలో ఉండదు, అడవిలో శిలీంధ్రం తోడుంటేనే మొలుస్తుంది. 1922లో లూయిస్ నడ్సన్ ఆ తోడు లేకుండానే, చక్కెర, లవణాలు కలిపిన అగార్ మీద వాటిని మొలిపించాడు. ఇప్పటికీ పని అదే తీరు. పచ్చికాయను పైన శుద్ధి చేసి, శుభ్రమైన గాలి వీచే లామినార్ ఎయిర్ ఫ్లో ముందు కోసి, 121 డిగ్రీల వద్ద ఆటోక్లేవ్ చేసిన మీడియం మీద గింజలు చల్లుతారు. చేయి కాస్త అజాగ్రత్తగా కదిలినా సీసా బూజు పడుతుంది. అందుకే ఇక్కడ మార్కుల కన్నా చేతి శుభ్రత, ఓపిక ముఖ్యమంటాను.

దాచేటప్పుడు ద్రవ నైట్రోజన్ వాడతారు. దాని ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. నీరున్న కణజాలాన్ని నేరుగా ముంచితే మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి. కాబట్టి ముందు చక్కెర, గ్లిసరాల్ వంటి ద్రావణాలతో నీటిని తగ్గిస్తారు. ఎర్రచందనంతో చిక్కు వేరు. కాయ పెంకు గట్టిది కాబట్టి మొలక తక్కువ. ల్యాబ్‌లో పెట్టిన ముక్క నల్లబడిపోతుంటుంది. తేలిగ్గా లొంగే చెట్టు కాదు, అందుకే పరిశోధకులు కావాలి.

ఈ వృత్తిలోకి దారులు చాలానే. పదో తరగతి తర్వాత ఉద్యాన డిప్లొమా ఉంది. ఇంటర్ వారికి ఈఏపీసెట్‌తో బీఎస్సీ హార్టికల్చర్. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయమే ఉంది. డిగ్రీ వారు నెల్లూరు పక్కనే కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో బయోటెక్నాలజీ పీజీ చూడవచ్చు. జాతీయ స్థాయికైతే బయోటెక్నాలజీ పీజీ ప్రవేశ పరీక్ష గాట్-బి రాయాలి. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. మొక్కల జన్యు వనరులను గడ్డకట్టించి దాచే ఢిల్లీలోని ఎన్‌బీపీజీఆర్ క్రయోబ్యాంకు, సిక్కింలోని పాక్యోంగ్ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం గుర్తుపెట్టుకోండి.

ఇలా గడ్డకట్టించి దాచే క్రయో ఉద్యోగాలు కొద్దే. చేయి తిరిగేదాకా జీ-9 రకం అరటి మొక్కలు తయారుచేసే టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో చేరండి. పని ఒకటే, జీతమూ వస్తుంది. సాధన కోసం మాత్రం ఉదయగిరి దుర్గం కొండ ఎక్కి మొక్క పీక్కురావద్దు. అటవీశాఖ అనుమతి లేనిదే అది నేరం. నర్సరీ విత్తనంతో మొదలుపెట్టండి.